తెల్లబట్ట: కడగడానికి ముందు గమనించవలసినవి

తెల్లబట్ట (యోని నుంచి వచ్చే తెల్లని స్రావం) అవుతోందని మా వరంగల్ వైపు పల్లెల్లో ఎవరైనా చెప్పుకుంటే, వినేవారి నోట మొదట వచ్చే మాట ‘వేడి చేసింది’ అన్నదే. మజ్జిగ తాగమని, సబ్జా గింజలు నానబెట్టుకోమని చెబుతారు. వాటివల్ల నష్టమేమీ లేదు గానీ, యోనిలో ఎప్పుడూ ఉండవలసిన మేలు బ్యాక్టీరియా తగ్గిపోయిందా అన్న అసలు ప్రశ్న అక్కడితో మరుగున పడుతుంది.

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు తయారవుతుంది. ఆ పులుపు వల్లనే పాలంత త్వరగా పెరుగు చెడిపోదు. యోనిలో జరిగేదీ దాదాపు ఇదే. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం చేరుతుంది, అది విడిపోగా వచ్చిన చక్కెరలను తిని లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, దానితో అక్కడి పీహెచ్ (పులుపును చూపే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య నిలుస్తుంది. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లోనే ఈ బ్యాక్టీరియాను వర్ణించాడు. వీటిలో క్రిస్పాటస్ అనే రకం గట్టి కాపలాదారు. ఇనర్స్ అనే రకం మాత్రం అంత నమ్మదగినది కాదు. అయితే ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోని రకాలు వేరు కనుక, పెరుగును లోపల పూయడం వల్ల ప్రయోజనం ఉండదు, దాన్ని తినడానికే ఉంచుకోవడం మంచిది.

ఈ కాపలా సడలినప్పుడు గార్డ్‌నెరెల్లా వంటి, ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట పెరిగే బ్యాక్టీరియా అక్కడ గుంపుగా చేరుతుంది. దీనిని బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. చాలామందిలో దీనికి ఏ లక్షణమూ ఉండదు, అయినా నష్టం మాత్రం జరుగుతూనే ఉంటుంది: యోని గోడను కప్పి ఉంచే జిగురు పొరను ఈ బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైములు కరిగిస్తాయి, లోపల వాపు పెరుగుతుంది, గనేరియా, క్లమీడియా, హెచ్‌ఐవీ వంటి సుఖవ్యాధులు సోకడం సులువవుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి ఒక విశ్లేషణలో, ఈ స్థితి ఉన్న స్త్రీలకు హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం ఎక్కువగా కనిపించింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకూ, గర్భిణుల్లో నెలలు నిండకముందే వచ్చే కాన్పుకూ దీనితో సంబంధం ఉంది.

కనుక మొదట చేయవలసిన పని గమనించడం. రెండు నెలసరుల నడుమ గుడ్డులోని తెల్లసొనలా సాగుతూ, వాసన లేకుండా వచ్చేది సహజమైనది, దానికి మందు అక్కరలేదు. పలుచగా, బూడిదరంగు కలిసిన తెలుపులో ఉండి, ముఖ్యంగా కలయిక తరువాత చేపల వాసన వస్తే వెజైనోసిస్ అయి ఉండవచ్చు. విరిగిన పాల ముద్దలా వస్తూ విపరీతమైన దురద ఉంటే అది సాధారణంగా కాండిడా అనే శిలీంధ్రం, దాని మందు వేరు. పచ్చగా, నురగగా వస్తే సూక్ష్మ పరాన్నజీవి అయిన ట్రైకోమోనాస్‌ను అనుమానించాలి. కంటికి కనిపించిన దానినిబట్టి మందుల దుకాణంలో గోళీలు కొనడం మాత్రం తగదు, ఎందుకంటే ఈ మూడింటినీ అనుభవం ఉన్నవారే పొరబడుతుంటారు.

వాసన రాగానే చాలామంది చేసే పని, బకెట్ నీళ్లలో మూతెడు యాంటీసెప్టిక్ కలిపి లోపలిదాకా కడుక్కోవడం. నా దృష్టిలో ఇంతకంటే చేటు చేసే అలవాటు మరొకటి లేదు. వాసన తెప్పించే బ్యాక్టీరియాతోపాటు మిగిలిన కాస్త లాక్టోబాసిల్లస్ కూడా కొట్టుకుపోతుంది. బయటి భాగాన్ని మామూలు నీటితో కడుక్కుంటే చాలు, లోపలి భాగం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. పత్తి ఏరే రోజుల్లో పొద్దంతా చేనులో ఉండే స్త్రీలు చెమటకు తడిసిన లోదుస్తులను ఇంటికి రాగానే మార్చుకోవడం, నెలసరి గుడ్డలను మూలన నీడలో దాచకుండా ఎండలో ఆరబెట్టడం, మూత్రానికి పోవలసి వస్తుందని నీళ్లు తాగడం మానకపోవడం కూడా ముఖ్యమే.

పరీక్షకు వెళ్లేటప్పుడు నెలసరి లేని రోజు చూసుకోవాలి, ముందు రోజు కలయికకు దూరంగా ఉండాలి, లోపల ఏమీ పూయకూడదు; రక్తం, వీర్యం రెండూ పీహెచ్‌ను పెంచి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. వరంగల్ సీకేఎం ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి చోట్ల స్త్రీల వైద్యులు ఉంటారు. సుఖవ్యాధుల కోసం ప్రభుత్వం నడిపే సురక్ష క్లినిక్‌లలో సలహా, మందులు ఉచితం. అక్కడ లక్షణాలను బట్టి సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ అనే మందులు కలిపిన కిట్ ఇచ్చే పద్ధతి ఉంది కనుక, గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. ఫ్లూకోనజోల్ గర్భిణులకు తగదు.

వెజైనోసిస్‌కు సాధారణంగా మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు రాస్తారు. మూడో రోజుకే వాసన పోయిందని ఆపకూడదు. పూర్తిగా వాడినా ఏడాది తిరిగేలోపు సగానికి పైగా స్త్రీలకు అది మళ్లీ వస్తుందని తెలిసినప్పుడు, తప్పంతా తనదేనని ఆమె కుమిలిపోవలసిన పని ఉండదు. 2025లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో భర్తకు లేదా భాగస్వామికి కూడా మాత్రలు, పూతమందు ఇచ్చినప్పుడు 12 వారాల్లో తిరగబెట్టినవారు 35 శాతం, స్త్రీకి మాత్రమే ఇచ్చినప్పుడు 63 శాతం. మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ విషయాన్ని వైద్యురాలితో ప్రస్తావించి, ఆయననూ వెంట తీసుకువెళ్లాలి.

పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, నెలసరి ఆగిపోయిన వయసులో రక్తం కనిపించినా, గర్భిణికి యోని నుంచి నీరులా కారుతున్నా, ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరాలి.