ఎల్మ్ పరాగకోశాల టిష్యూ కల్చర్ ఎలా చేయాలి?

ఎల్మ్ చెట్లు చాలావరకు ఆకులు రాకముందే పూస్తాయి. వాటి పూలలోని పరాగకోశాలను, అంటే పుప్పొడి తిత్తులను, సీసాలో పెంచడమే ఈ పని. అందుకే చలికాలం చివర్లోనే పూమొగ్గలున్న కొమ్మలు కోసి, గదిలో నీళ్లలో నిలబెట్టండి. చెట్టు మీదే కనిపెట్టుకుని ఉందామంటే నాలుగు రోజులు వేడి తగలగానే మొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి. ఆ ఏడాదికి అంతే.

మీడియం, అంటే వాటిని పెంచే పోషక పదార్థం, మామూలే. ఎంఎస్ (మురాషిగే-స్కూగ్) లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల సుక్రోజ్, 8 గ్రాముల అగార్, పెరుగుదల హార్మోన్లుగా కొద్దిగా 2,4-డి, కైనెటిన్. పీహెచ్ 5.8. ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు.

మొగ్గ రంగు చూసి అదును తేల్చకండి. గుత్తిలోంచి ఒక పరాగకోశాన్ని స్లైడ్ మీద అసిటోకార్మిన్ అనే రంగు చుక్కలో నలిపి మైక్రోస్కోప్‌లో చూడండి. పుప్పొడి కణాలు నాలుగేసి అతుక్కుని ఉంటే ఇంకా ఆగాలి. విడివిడిగా, ఒక్కోదాంట్లో ఒకే కేంద్రకం ఉంటే వెంటనే పని మొదలుపెట్టండి. రెండేసి కేంద్రకాలుంటే ఆలస్యమైపోయింది. అదునుకొచ్చిన మొగ్గలను 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, పలచని సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు కడగాలి.

ఇక మొగ్గలోంచి పరాగకోశాన్ని విడదీయాలి. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. పరాగకోశాన్ని మోసే సన్నటి కేసరదండం తల్లిచెట్టు కణజాలం. దాని ముక్క ఆవగింజలో సగమంత మిగిలినా, పుప్పొడి కణాల కంటే ముందు అదే ఉబ్బి కాలస్, అంటే ఆకారం లేని కణాల ముద్ద, కడుతుంది. మనకు కావాల్సింది సగం క్రోమోజోములున్న ఏకస్థితిక కాలస్. తల్లిచెట్టు కాలసే కావాలంటే ఆకు ముక్క పెట్టినా వస్తుంది, ఇంత శ్రమ దేనికి? మొదటి ఏడాది నాకు సీసాల నిండా కాలస్ వచ్చింది, సంబరపడ్డాను. క్రోమోజోముల లెక్క చూస్తే అంతా దండానిదే.

కాబట్టి ఫోర్సెప్స్‌తో పరాగకోశాన్ని పట్టుకోకండి, దండాన్ని పట్టుకోండి. రెండూ కలిసేచోట సూదిమొనతో మెల్లగా నెట్టితే అది ఊడి వస్తుంది. బ్లేడు వాడొద్దు. బ్లేడుతో పని త్వరగా అవుతుంది కానీ పరాగకోశం గోడ తెగుతుంది, ఆ గాయం దగ్గరా తల్లిచెట్టు కాలసే పుడుతుంది. నలిగినదీ, చిట్లినదీ పారేయండి. జాలిపడి ఒక్కటి ఉంచినా రేపు ఏది ఏదో తెలియదు. పూవును పూవుగా మీడియంలో పెట్టేసే పద్ధతి ఈ పనికి అసలు పనికిరాదు.

మీడియం మీద ఆనించి పెట్టండి, లోపలికి నొక్కకండి. చీకట్లో, 25 డిగ్రీల దగ్గర ఉంచి వారానికోసారి చూస్తే చాలు.

కాలస్ వచ్చాక క్రోమోజోములు లెక్కపెట్టడం మానకండి. మామూలు అమెరికన్ ఎల్మ్‌లో 56 ఉంటాయి, పుప్పొడి కాలస్‌లో 28 ఉండాలి. మిగతా ఎల్మ్‌లలో ఎక్కువ వాటికి 28, అంటే 14 రావాలి. అమెరికన్ ఎల్మ్ కాలస్‌లో 56 కనిపిస్తే ముందు మీ సూదిపనినే అనుమానించండి.