రాజ్‌దూత్ 350: లైసెన్స్ టెస్ట్ నుంచి ఇంజిన్ సీల్ దాకా సమస్యలు, పరిష్కారాలు

యమహా ఆర్‌డీ 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ ఫరీదాబాద్‌లో 1983 నుంచి రాజ్‌దూత్ పేరుతో తయారుచేసింది. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్, 6 గేర్లు. తయారీ ఆగిపోయి దశాబ్దాలు దాటింది కాబట్టి ఇప్పుడు మీ చేతికొచ్చే ఏ బండైనా ఇద్దరు ముగ్గురు మెకానిక్‌ల చేతులు మారి వచ్చినదే. దీనికొచ్చే రోగాలు చాలావరకు గాలి, ఆయిల్ వెళ్లకూడని దారిలో వెళ్లడం వల్ల వచ్చేవే. అందుకే మెకానిక్ చూడగానే కార్బొరేటర్ జెట్లు (పెట్రోల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే సన్న రంధ్రాల ముక్కలు) మార్చబోతే కాసేపు ఆపండి.

లైసెన్స్ టెస్ట్‌లో ఎనిమిది వేసేటప్పుడు కాలు కింద పెట్టాల్సి వస్తోంది

కొందరు ముచ్చటపడి ఈ బండినే టెస్ట్‌కి తీసుకెళ్తారు. తక్కువ వేగంలో ఇది మెత్తగా ఉంటుంది, కొంచెం ఎక్కువ రేస్ చేస్తే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మన చట్టంలో 100 సీసీకైనా 350 సీసీకైనా లైసెన్స్ ఒకటే, గేరున్న మోటార్ సైకిల్ లైసెన్స్. 18 ఏళ్లు నిండితే చాలు. కాబట్టి టెస్ట్‌కి 100 సీసీ బండి తీసుకెళ్లండి. ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్, ఎక్సలేటర్ నిలకడగా, వెనక బ్రేక్ మీద కాలు తేలిగ్గా. చూపు ముందు చక్రం మీద కాదు, మీరు వెళ్లబోయే మలుపు మీద ఉండాలి.

ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక టెస్ట్‌కి వెళ్లొచ్చు. అంతవరకు ఎల్ బోర్డు ఉండాలి, లైసెన్స్ ఉండి మీకు నేర్పించే మనిషి తప్ప వెనక ఎవరూ కూర్చోకూడదు. లైసెన్స్ వచ్చిన మర్నాడే ఆర్‌డీ ఎక్కడానికి చట్టం అడ్డు చెప్పదు. నేను మాత్రం కొన్ని నెలలు 150 సీసీ బండి నడిపి రమ్మంటాను.

ఒక సిలిండరే పనిచేస్తోంది

ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు సైలెన్సర్ల మొదట్లో కొద్దిగా నీళ్లు చిలకరించండి. ఆవిరి రాని వైపే తప్పు ఉంది. ఈ బండిలో ప్లగ్‌కి నిప్పురవ్వ ఇచ్చే పాయింట్లు, కండెన్సర్, కాయిల్ ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే ఉంటాయి కాబట్టి కనుక్కోవడం తేలిక. ముందు రెండు ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. తప్పు కూడా అవతలి వైపుకు మారితే ప్లగ్గే కారణం. మారకపోతే కాయిల్స్ అలాగే మార్చి చూడండి. అప్పుడూ అక్కడే ఉంటే పాయింట్లు, కండెన్సర్. పాయింట్ గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లలో ఉంచి, టైమింగ్‌ని (ప్లగ్ నిప్పురవ్వ వేసే క్షణాన్ని) డయల్ గేజ్ పెట్టి రెండు వైపులా విడివిడిగా సెట్ చేయించాలి. చెవితో విని సెట్ చేస్తానంటే ఒప్పుకోకండి. పిస్టన్ కరిగేది అక్కడే.

పొగ తగ్గడం లేదు, లేదా ఐడ్లింగ్ దిగడం లేదు

చూడ్డానికి ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మూలం మాత్రం ఎక్కువసార్లు ఒకటే: క్రాంక్ ఆయిల్ సీల్స్, అంటే క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్లా గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగులు. ఏ వైపు సీల్ పోయిందన్నదే తేడా.

కుడివైపు క్లచ్, గేర్‌బాక్స్ ఆయిల్ ఉంటాయి. అటు సీల్ పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌ని లోపలికి లాగి కాల్చేస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా కుడి సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, కుడి ప్లగ్ తడిగా ఉంటుంది, గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ పడిపోతుంటుంది. దీన్ని టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్‌తో పాటు కాలే ఆయిల్) ఎక్కువైందనుకుని దాన్ని పంపే పంప్ తగ్గించేవాళ్లున్నారు. అలా తగ్గిస్తే ఇంజిన్ సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది.

ఎడమవైపు ఆల్టర్నేటర్, పాయింట్లు ఉంటాయి. అటు ఆయిల్ లేదు, గాలే. అటు సీల్ పోతే పొగ రాదు, ఎడమ సిలిండర్‌లోకి అదనపు గాలి వెళ్తుంది. ఎక్సలేటర్ వదిలినా రేస్ వెంటనే దిగదు, ఎడమ ప్లగ్ తెల్లబడుతుంది. పొగ లేదు కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎక్కువ ప్రమాదం ఇందులోనే. అలాగే హైవే ఎక్కితే ఎడమ పిస్టన్ పట్టేస్తుంది.

తెరవకముందే ఖాయం చేసుకోవచ్చు. కార్బొరేటర్, సైలెన్సర్ దారులు మూసి, లోపలికి 6 పీఎస్ఐ గాలి పెట్టి, గేజ్ నిలబడుతుందో లేదో చూడాలి. పడిపోతుంటే కార్బొరేటర్ రబ్బర్లు, సిలిండర్ ప్యాకింగ్, సీల్ దగ్గర సబ్బునీళ్లు రాస్తే బుడగలొచ్చే చోటే లీక్. పోయింది సీలే అయితే క్రాంక్ కేస్ విప్పించి రెండు వైపులా కొత్తవి వేయించండి. ఒకటే మార్చి మూస్తే మళ్లీ అంత పనీ చేయాలి. జెట్ల సంగతి ఆ తర్వాతే.

నడుస్తూ నడుస్తూ పట్టేసింది

పట్టేస్తున్నట్టు అనిపించిన క్షణమే క్లచ్ లాగాలి. ఆర్‌డీ నడిపేవాళ్ల వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. సీల్స్ బాగుంటే ఆయిల్ పంప్ కేబుల్ గుర్తులు కలిశాయా, పైపులో గాలి బుడగ ఉందా చూడండి. గాలి తీసేవరకు లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి నడపొచ్చు. ఇంకో మాట: పంప్ ఇంజిన్ వేగంతో పాటు ఎక్సలేటర్‌ని బట్టి కూడా ఆయిల్ ఇస్తుంది. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా మూసి గేర్లో జారుతూ వస్తే ఇంజిన్‌కి చాలినంత ఆయిల్ అందదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి కాస్త రేస్ చేయండి.

బ్రేక్ వేసినా బండి ఆగదు

జపాన్ ఆర్‌డీకి ముందు డిస్క్ బ్రేక్ ఉండేది, మనకిచ్చింది డ్రమ్ము. షూలకు కొత్త లైనింగ్ వేయించి, రెండు షూలు ఒకేసారి తాకేలా బయటి లింక్ రాడ్ సరిచేయిస్తే చాలా మెరుగవుతుంది. అయినా ముందు వెళ్లే బండికి ఎక్కువ దూరం వదలాల్సిందే.

ఆర్సీ ఆన్‌లైన్‌లో కనిపించడం లేదు

పాత పుస్తకం ఆర్సీ కంప్యూటర్‌లోకి ఎక్కకపోయి ఉండొచ్చు. రిజిస్టర్ అయిన ఆఫీసులో ఎక్కించే పని అమ్మేవాళ్లే చేయాలి, డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు. ఢిల్లీ బండైతే మరీ జాగ్రత్త, అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల రిజిస్ట్రేషన్లు రద్దు చేశారు.

15 ఏళ్లు దాటిన బండికి ప్రతి 5 ఏళ్లకూ ఫారం 25తో రెన్యువల్, బండిని చూపించాలి. పెయింట్ వేయించేటప్పుడు ఛాసిస్ నంబరు మీద టేప్ అంటించమని ముందే చెప్పండి, రంగు కింద నంబరు కనిపించకపోతే తిప్పి పంపేస్తారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తామనే ఏజెంట్ల మాట నమ్మొద్దు. దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే మొట్టమొదటి రాజ్‌దూత్ 350కి కూడా 2033 దాకా అర్హత రాదు.