మిర్చి అమ్మాలా, దాచాలా: అభిప్రాయాల వ్యాప్తిని లెక్కకట్టే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చే రోజుల్లో, పంటను వెంటనే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్న చర్చ చుట్టుపక్కల ఊళ్లలో నడుస్తుంది. అటువంటి అభిప్రాయం మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతుందో లెక్కకట్టాలంటే గణాంక శాస్త్రవేత్త మోరిస్ డీగ్రూట్ 1974లో ప్రతిపాదించిన నమూనాతో మొదలుపెట్టడం మేలు; దానికి కాగితం, కలం చాలు.

ముందుగా అభిప్రాయాన్ని అంకెగా మార్చాలి. వెంటనే అమ్మాలంటే 0, దాచాలంటే 1, ఎటూ తేలకపోతే 0.5 అనుకుందాం. అడ్తిదారు 0 వద్ద, రైతు 0.5 వద్ద, రైతు కొడుకు 1 వద్ద ఉన్నారు. తరువాత ఎవరు ఎవరి మాటకు ఎంత విలువ ఇస్తారో, ఒక్కొక్కరి విలువల మొత్తం 1 అయ్యేలా రాయాలి. అడ్తిదారు తన మాటకు 0.8, రైతు మాటకు 0.2 ఇస్తాడు. రైతు అడ్తిదారుకు 0.5, తనకు 0.3, కొడుకుకు 0.2 ఇస్తాడు. కొడుకు తండ్రికి 0.4, తనకు 0.6 ఇస్తాడు, అడ్తిదారుతో అతనికి మాటలే లేవు.

నమూనాకు ప్రాణం ఈ విలువలే. వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎన్ని మెసేజ్‌లు పెట్టారో చూసి వీటిని నిర్ణయించకూడదు. ఎక్కువ మాట్లాడేవారి మాటే చెల్లుతుందని లేదు. ధర విషయంలో ఎవరిని అడిగి నిర్ణయం తీసుకుంటారో ఇంటింటికీ వెళ్లి తెలుసుకోవాలి.

ఇక ప్రతి విడతలో ఒక్కొక్కరూ తనతో సహా అందరి అభిప్రాయాలను వారికిచ్చిన విలువలతో గుణించి కూడాలి. రైతుకు 0.5×0 + 0.3×0.5 + 0.2×1 = 0.35 వస్తుంది. అదే విడతలో అడ్తిదారు 0.1కి, కొడుకు 0.8కి చేరతారు. ఇలాగే కొనసాగిస్తే ముగ్గురూ 0.25 వద్ద కలుస్తారు. మొదటి సగటు 0.5 కదా, సగానికి ఎందుకు పడింది? చివరి అంకెలో అడ్తిదారు వాటా 0.625, రైతు వాటా 0.25, కొడుకు వాటా 0.125 కాబట్టి. తనతో ఒక్క మాటైనా మాట్లాడని కుర్రవాడిని కూడా అడ్తిదారు అతని తండ్రి ద్వారా తన వైపు లాగాడు.

అయితే ఊళ్లో అందరూ ఏకాభిప్రాయానికి రారు. అందుకు హెగ్సెల్‌మాన్, క్రౌజె అనే పరిశోధకులు 2002లో వివరించిన నమూనా వాడాలి: తన అభిప్రాయానికి దగ్గరగా ఉన్నవారి మాటనే మనిషి వింటాడు, తనతో కలిపి వారందరి సగటుకు మారతాడు. వినే హద్దును, అంటే ఎంత తేడా వరకు ఎదుటివారి మాట వింటాడో దాన్ని, 0.4గా పెడితే మన ముగ్గురిలో ఎవరూ కదలరు. హద్దును 0.5 చేస్తే మొదటి విడతలో 0.25, 0.5, 0.75కు వచ్చి, రెండో విడతలోనే ముగ్గురూ 0.5 వద్ద కలుస్తారు. అందువల్ల ఒకే హద్దుతో ఫలితం ప్రకటించకుండా, దాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, ఎక్కడ జనం విడిపోతున్నారో, ఎక్కడ కలుస్తున్నారో వరుసగా రాసుకోవాలి.