బుడ్డశనగను విత్తనానికి పెంచి అమ్మాలంటే

మాది కడప జిల్లా పెద్దముడియం మండలం, కుందూ నది పక్కన నల్లరేగడి. ఇక్కడ అందరి చేలోనూ బుడ్డశనగే, అంటే పప్పుశనగ. అయినా అక్టోబరు వచ్చిందంటే విత్తనం ఎక్కడ దొరుకుతుందా అని అందరూ వెతుకుతుంటారు. ఫిబ్రవరిలో నూర్చిన గింజ నూర్చినట్టే మిల్లుకో, కమీషన్ ఏజెంటుకో పోతుంది మరి. అప్పులవాళ్ళు ఆగరు కదా. ఆ ఎనిమిది నెలలు ఎవరైతే గింజను మొలకశక్తి పోకుండా కాపాడి ఉంచుతారో, విత్తనం ధర వాళ్ళకే. మా ఇంట్లో చేను మా ఆయన చూసుకుంటాడు, కళ్ళం దాటాక పెత్తనం నాది. అందుకే ఇందులో చేను సంగతి తక్కువ, ఇంటి సంగతి ఎక్కువ.

ముందు రకం. మా వైపు ఇప్పటికీ జేజీ 11 అడుగుతారు. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన రకం, 1999లో విడుదలైంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. మిషన్ కోత కావాలనేవాళ్ళు నంద్యాల పరిశోధన స్థానం వాళ్ళ ఎన్‌బీఈజీ 47 అడుగుతారు, అది నిటారుగా పెరుగుతుంది. మీ ఊళ్ళో ఏది అడుగుతారో చూసుకొని ఒక్క రకమే పట్టుకోండి. రెండు రకాలు ఒకే కళ్ళంలో, ఒకే మిషన్లో పడితే ఇక వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

మొదటి ఏడాది మాత్రం తెల్ల ట్యాగు ఉన్న ఫౌండేషన్ విత్తనమే కొనండి, అది విత్తనం పెంచడానికే ఇచ్చేది. నీలం ట్యాగుది సర్టిఫైడ్, అది పంటకు వేసుకోవడానికి. విత్తన కార్పొరేషన్‌కు ఇవ్వాలనుకుంటే సర్టిఫికేషన్ వాళ్ళ దగ్గర చేను నమోదు చేయించాలి, వాళ్ళు వచ్చి చేను చూస్తారు. ఫౌండేషన్ విత్తనం కొన్న బిల్లు, ట్యాగులు పారేయకండి, అవే మీకు ఆధారం. ఊళ్ళో, పక్క ఊళ్ళో తెలిసినవాళ్ళకు అమ్ముకోవడానికి ఇంత హంగామా అక్కర్లేదు. 2001 నాటి రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తను పండించిన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి, ముద్ర కొట్టి అమ్మకూడదు, అంతే. దుకాణం పెట్టి అమ్మాలంటే లైసెన్సు కావాలి.

ఇక చేను. శనగ తన పుప్పొడితో తానే కాయ పట్టే పంట కాబట్టి పక్క చేను గాలికి రకం చెడిపోతుందన్న భయం పెద్దగా లేదు. సర్టిఫైడ్ విత్తనానికి మధ్యలో 5 మీటర్లు, ఫౌండేషన్‌కు 10 మీటర్లు ఉంటే చాలంటారు. రకం చెడేది కల్తీ వల్ల. నిరుడు వేరే శనగ వేసిన చేలో రాలిన గింజ మళ్ళీ మొలుస్తుంది, అందుకని ఆ చేను విత్తనానికి వద్దు. గొర్రుకు విత్తనం పోసే జడ్డిగంలో, డ్రిల్లు డబ్బాలో ఎవరిదో గింజ నాలుగు మిగిలినా చాలు. విత్తే ముందు డబ్బా బోర్లించి తట్టండి.

పూత సమయంలో రోజూ పొద్దున చేలో సాళ్ళ వెంట నడవాలి. జేజీ 11 పువ్వు గులాబీ రంగు. మధ్యలో తెల్ల పువ్వు కనిపిస్తే అది కాబూలీ శనగ, వేళ్ళతో సహా పీకేయండి. కాయ నిండాక మళ్ళీ ఒకసారి నడిచి, ఎత్తులోనో ఆకులోనో తేడాగా ఉన్న బెరకు మొక్కలు తీసేయండి. కూలీలకు వదిలేసే పని కాదిది, వాళ్ళకు కలుపు ఒక్కటే కనిపిస్తుంది. పచ్చపురుగుకు ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి నాలుగు కర్రలు పెట్టండి. గట్టు వెంట కుసుమ వేసుకున్నా దాన్ని విడిగా కోయండి. నీళ్ళుంటే పూతకు ముందొక తడి, కాయ నిండేటప్పుడు ఒక తడి. నీళ్ళున్నాయి కదా అని పారిస్తూ పోతే చెట్టే పెరుగుతుంది.

కోతలో విత్తనం పాడయ్యేది పగుళ్ళతో. మిషన్ డ్రమ్ము వేగంగా తిరిగితే పప్పుకు పనికొచ్చే గింజ వస్తుంది, విత్తనానికి రాదు. వేగం తగ్గించమని డ్రైవరుకు గట్టిగా చెప్పండి, విసుక్కుంటాడు, విసుక్కోనీండి. ఆ మిషన్ ముందురోజు ఎవరి చేలో తిరిగిందో అడగండి. లోపల ఊడ్పించాక కూడా మొదటి రెండు మూటలు మిల్లుకు పక్కన పెట్టండి. జేజీ 11 పొట్టిగా ఉంటుంది, మిషన్ పెడితే కింది కాయ పోతుంది, మట్టిగడ్డలు వస్తాయి. దాన్ని మంచు ఆరకముందే మనుషులతో పీకించడమే నయం, కాయ రాలదు.

ఆరబెట్టడం పట్టల మీద, పలచగా. తారురోడ్డు మీద వద్దు, కాలిపోతుంది. పంటి కింద పెడితే కటుక్కున విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తేమ ఉన్నట్టే. నియమం ప్రకారం తేమ మామూలు సంచికైతే 9 శాతం, గాలి చొరని సంచికైతే 8 శాతం మించకూడదు. మిల్లులోనో, రైతు సేవా కేంద్రంలోనో తేమ మీటరు ఉంటే ఒకసారి చూపించుకోండి. తర్వాత జల్లెడ పట్టి, చాటలో చెరిగి, నొక్కులు, నల్లవి, పగిలినవి ఏరాలి. మా వీధి ఆడవాళ్ళు ఈ పనికి వస్తారు. ఏరినదానికి కూలీ ఇచ్చేటప్పుడు మా ఆయన గొణుగుతాడు కానీ, అక్టోబరులో డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఆ గొణుగుడు వినపడదు.

అసలు యుద్ధం పుచ్చు పురుగుతో. గింజ మీద తెల్ల చుక్కలా కనిపించేది దాని గుడ్డు. ఒక మూటలో మొదలైతే ఎండాకాలం పోయేసరికి గదంతా పిండే. పాత గోనె సంచి వాడొద్దు. మూడు పొరల సంచులు దొరుకుతున్నాయి, లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన మామూలు సంచి. గాలి పిండేసి, ఒక్కో పొరను మెలిపెట్టి విడివిడిగా బిగించి కడితే లోపలి పురుగు ఊపిరాడక చస్తుంది. అయితే గింజ బాగా ఎండి ఉండాలి, తేమతో కట్టారంటే పురుగుతోపాటు మొలక కూడా చస్తుంది. మూటలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా ఎడంగా పేర్చండి. పక్కన ఎరువు మూటలు పెట్టకండి. పురుగుకని ఇంట్లో గ్యాసు బిళ్ళలు పెట్టే అలవాటు కొందరికి ఉంది. మనుషులు పడుకునే ఇంట్లో అది విషం, ఎవరు చెప్పినా వినొద్దు. ఎక్కువ సరుకైతే కోల్డ్ స్టోరేజీ మేలు. బయటికి తెచ్చిన రోజే సంచి విప్పొద్దు, చల్లటి గింజకు చెమట పడుతుంది. ఒకట్రెండు రోజులు నీడలో ఉంచి విప్పండి.

సెప్టెంబరులో మొలక చూడాలి. మూటల పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గింజ తీసి కలిపి, ఏరకుండా 100 లెక్కపెట్టి, తడి గోనెపట్టలో చుట్టి నీడలో పెట్టండి. ఎనిమిదో రోజు విప్పి చక్కగా మొలిచినవి లెక్కపెట్టండి. 85కు తగ్గితే విత్తనమని అమ్మొద్దు. నేనైతే ఆ పట్టను వాకిట్లోనే పెడతాను, కొనేవాళ్ళే విప్పి చూసుకుంటారు.

ధర దగ్గర మొహమాటం వద్దు. "ఏం వదినా, మిల్లు ధర కంటే ఇంత ఎక్కువా?" అని అడుగుతారు. ఆ ఏటి మద్దతు ధర చూసుకోండి, 2025-26 మార్కెటింగ్ సీజనుకు అది క్వింటాలుకు 5,650 రూపాయలు ఉండింది. దాని మీద ఏరగా పోయిన తూకం, సంచులు, కూలీ, ఎనిమిది నెలల వడ్డీ వేసి, ఆపైన మీ లాభం కలపండి. సబ్సిడీ విత్తనం ప్రకటన వస్తే ఊళ్ళో బేరాలు రెండు రోజులు ఆగిపోతాయి, టెన్షన్ పడి ధర తగ్గించకండి. అక్కడ చాలనివాళ్ళు తిరిగి వస్తారు. ఎకరాకు గింజ సైజును బట్టి 25 నుంచి 40 కిలోలు పడుతుంది కాబట్టి ఎవరికెన్ని ఎకరాలో ముందే రాసుకొని, కొంచెం అడ్వాన్సు తీసుకోండి. బంధువులకు అరువైనా సరే, పుస్తకంలో రాయండి. ప్రతి మూటలోంచి గుప్పెడు గింజ పేరు, తేదీ రాసి దాచండి. మొలవలేదని ఎవరైనా వస్తే ఆ గుప్పెడే సాక్ష్యం.

విత్తనశుద్ధి మందు మీరు కలపొద్దు. తెగులును ఆపే ట్రైకోడెర్మా, వేళ్ళకు నత్రజని అందించే రైజోబియం పొట్లాలు కొన్నవాళ్ళే తెచ్చుకొని విత్తే రోజు పట్టించుకోవాలి. నవంబరు సగం దాటాక మా వైపు విత్తేవాళ్ళు ఉండరు. మిగిలిన మూటలు మందు తగలకుండా ఉంటేనే పప్పు మిల్లువాడు తీసుకుంటాడు.