హైకూ రాద్దాం – 4: లెక్క కుదిరింది, హైకూ కుదరలేదు

హైకూ జపాన్‌లో పుట్టిన మూడు పాదాల చిట్టి కవిత. పోయిన పాఠంలో దాని 5-7-5 లెక్క చెప్పాను: పాదాల్లో వరుసగా ఐదు, ఏడు, ఐదు అక్షరాలు. మీరు పంపినవన్నీ చదివాను. అక్షరాల లెక్క దాదాపు ఎక్కడా తప్పలేదు. కానీ చాలావాటిలో ఉన్నది ఒకే వాక్యం. దాన్ని మూడు ముక్కలు చేసి పాదాల్లో సర్దారు. అందుకే ఈసారి చెప్పాల్సిన ఋతువుల సంగతి వాయిదా వేస్తున్నాను.

రొమేనియా కవుల దగ్గరికి వెళ్దాం. అక్కడ 1936లోనే ఇయాన్ పిల్లాత్ ఏకపాద కవితల పుస్తకం తెచ్చారు. శీర్షిక, దాని కింద ఒక్క పాదం, ఆ పాదం మధ్యలో విరుపు. అవి హైకూలు కావు. ఆ విరుపు మాత్రం హైకూకు దగ్గరి చుట్టమే: హైకూలోనూ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి మధ్యలో ఇలాగే విరుస్తారు. నియంత చావుషెస్కూ పాలన కూలిన మరుసటి ఏడాది, 1990లో, ఫ్లోరిన్ వసీలియు బుకారెస్ట్‌లో ‘హైకూ’ పత్రిక ప్రారంభించారు. 1992లో నల్ల సముద్రం ఒడ్డున, కాన్‌స్టాంట్సాలో, ఇయాన్ కొద్రెస్కు హైకూ సంఘం పెట్టారు. ఆ తర్వాత యాష్ నగర కవి ఎడ్వర్డ్ త్సారా వంటివారు జపాన్‌లో జరిగే పోటీల్లో పదేపదే బహుమతులు అందుకున్నారు.

మనకు కావలసింది ఇక్కడే ఉంది. సొంత భాషలో 5-7-5 పాటించిన కవిత కూడా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ లెక్క చెదిరిపోతుంది. ప్రాస పోతుంది, శబ్దం పోతుంది. అయినా పరాయి దేశపు న్యాయనిర్ణేత మెచ్చుకున్నాడంటే, రెండు దృశ్యాలూ వాటి మధ్య ఎడమూ చెక్కుచెదరకుండా అతనికి అందాయన్నమాట.

రొమేనియా పల్లెల్లో కరెంటు స్తంభాల మీద కొంగలు గూళ్లు కడతాయి. ఇటలీకో స్పెయిన్‌కో పనికి వెళ్లినవాళ్ల ఇళ్లు మూతబడి ఉంటాయి. ఈ రెండింటితో నేనే అల్లిన ఉదాహరణలు చూడండి.

కరెంటు స్తంభం
పైన కొంగ గూటిలో
పిల్లల కూత

లెక్క సరిగ్గా ఉంది. కానీ ఇది సమాచారం, అంతే.

పిల్లల కూత
స్తంభంపై కొంగ గూట్లో –
ఇంటికి తాళం

అదే లెక్క. ఇప్పుడు గూటికీ ఇంటికీ మధ్య పాఠకుడు నిలబడ్డాడు. ఎవరు వెళ్లారో, ఎందుకు వెళ్లారో అతనే తేల్చుకుంటాడు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది. ‘ఇంటికి తాళం’ తీసేసి అక్కడ ‘ఎంత వేదన!’ అని రాయడం. ఇది కూడా ఐదక్షరాలే. మీరు పంపినవాటిలో మూడో పాదం ఎక్కువగా ఇలాగే ముగిసింది: ‘ఇదే జీవితం’, ‘మనసు భారం’, ‘కాలమే మాయ’. తాళం చూపిస్తే వేదన పాఠకుడిలో పుడుతుంది. వేదన అని మీరే రాసేస్తే అతనికి చేయడానికి పని మిగలదు. జీవితం, మనసు, కాలం, ప్రేమ, శూన్యం: ఈ ఐదు మాటలనూ ఏడాది పాటు ముట్టుకోకండి. ఉపమానాలూ అంతే, ‘లాగా’, ‘వలె’ కనబడితే నేను చదవడం ఆపేస్తాను.

విరుపు రెండో పాదం చివరే ఉండాలని లేదు, మొదటి పాదం చివరైనా సరే. నాకు మొదటి పాదం చివరే ఇష్టం.

అభ్యాసం: కొత్తగా ఐదు హైకూలు రాయండి. తెలుగు రాని స్నేహితుడికి హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక్కొక్కటీ చెప్పండి, వివరణ ఇవ్వకూడదు. అతను ఏం చూశాడో అడిగి రాసుకోండి. రెండు దృశ్యాలూ అతనికి కనిపించినవే నాకు పంపండి. ఐదూ పోతే మరో ఐదు రాయండి.