థింఫూ నుంచి తక్త్‌సాంగ్: ఒక్క రోజులో వెళ్లి రావాలంటే

భూటాన్ టూర్‌లో పారో తక్త్‌సాంగ్‌ని, అదే అందరూ టైగర్స్ నెస్ట్ అంటారే, ఆ కొండ అంచు మఠాన్ని "టైం మిగిలితే చూద్దాం" లిస్టులో పెట్టకండి. అది మిగిలిన టైంలో అయ్యే పని కాదు, ఒక రోజు మొత్తం దానికే రాసిచ్చేయాలి.

ముందు ఏ రోజు వెళ్తారో తేల్చుకోండి. భూటాన్‌లో దిగిన మర్నాడే మాత్రం వద్దు. రాజధాని థింఫూయే 2,300 మీటర్ల పైన ఉంది, మఠం ఉన్నది 3,120 మీటర్ల ఎత్తున. కాలిబాట సుమారు 2,600 మీటర్ల దగ్గర మొదలవుతుంది, అంటే మీరు నడిచి ఎక్కేది ఐదొందల మీటర్ల పైచిలుకు. "అలిపిరి మెట్లన్నీ ఎక్కేశాం, ఇదో లెక్కా" అనుకునేవాళ్లకి ఒక మాట: అక్కడ కాళ్లు లాగుతాయి, ఇక్కడ కాళ్ల కంటే ముందు ఊపిరి అందదు. రెండు రాత్రులు థింఫూలో ఉండి, ఒంటికి ఆ గాలి కాస్త అలవాటయ్యాక వెళ్తే చాలా తేడా ఉంటుంది. మార్చి నుంచి మే వరకు, మళ్లీ అక్టోబర్, నవంబర్ మంచి నెలలు. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన, బురద, జలగలు కూడా. పైగా అంత కష్టపడి ఎక్కాక ఎదురుగా మబ్బు తప్ప ఏమీ కనపడకపోవచ్చు.

బండి ముందురోజే మాట్లాడుకుని, ఉదయం ఆరింటికి థింఫూ వదిలేయండి. పారో సుమారు 50 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి గంటన్నర వేసుకోండి, అక్కడి నుంచి కొండ మొదలుకి ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు. ఆరు అంటే భూటాన్ ఆరు, అది మనకంటే అరగంట ముందు. ఫోన్ దానంతటదే టైం మార్చుకుంటుంది, చేతి వాచీ మార్చుకోదు కదా. మా నాన్నగారు వాచీ చూసుకుని "ఇంకా అయిదున్నరేరా" అంటూ తాపీగా గడ్డం గీసుకుంటుంటే, కింద డ్రైవర్ ఆరింటి నుంచి హీటర్ వేసుకుని కూర్చున్నాడు. ఆ అరగంటకి పైన గంట వడ్డీ కట్టాం. మధ్యాహ్నం ఒంటిగంటకి మఠం మూసి మళ్లీ రెండింటికి తెరుస్తారు, మేం పడుతూ లేస్తూ చేరేసరికి ఒంటిగంటా అయిదు. చెమట పట్టిన ఒంటికి చల్లగాలి తగులుతుంటే రాతిమెట్ల మీద గంటసేపు కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలియకపోవడమే మంచిది. అందుకే ఎనిమిదింటికల్లా నడక మొదలుపెట్టి, పదకొండు, పదకొండున్నరకి లోపల ఉండేలా చూసుకోండి.

దారిలో ఛుజోమ్ అని రెండు నదులు కలిసే చోటు వస్తుంది, ఒడ్డున నేపాలీ, టిబెటన్, భూటానీ పద్ధతుల్లో కట్టిన మూడు స్తూపాలుంటాయి. వెళ్లేటప్పుడు ఆగొద్దు, తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు.

కింద పార్కింగ్ దగ్గర చేయాల్సిన పనులు రెండు. మొదటిది టికెట్, ఇక్కడే తీసుకోవాలి, పైన అమ్మరు. తెలియక సగం ఎక్కి వెనక్కి దిగినవాళ్లున్నారు. మన వంద నోట్లు అక్కడ చెల్లుతాయి, రూపాయికి ఒక ఙుల్‌ట్రమ్ (భూటాన్ డబ్బు), లెక్కల గొడవ లేదు. రెండోది చేతికర్ర, అద్దెకిస్తారు. ఎక్కేటప్పుడు దండగ ఖర్చు అనిపిస్తుంది, దిగేటప్పుడు మోకాళ్లే దాని విలువ చెప్తాయి.

గుర్రాల వాళ్లు కూడా అక్కడే చుట్టుముడతారు. గుర్రం సగం దారి వరకే వెళ్తుంది, దిగేటప్పుడు ఎక్కించుకోరు, అదీ గాక లోయ అంచు వెంటే నడుస్తుంది. నన్నడిగితే వద్దంటాను. పెద్దవాళ్లుంటే సగం దారిలో ఉన్న కెఫెటీరియా వరకు నిదానంగా నడిపించి, అక్కడ టీ తాగిస్తూ మఠాన్ని ఎదురుగా చూపించి ఆపేయండి. అక్కడి నుంచి కూడా బాగా కనిపిస్తుంది, మొహమాటానికి పైకి లాక్కెళ్లకండి.

కెఫెటీరియా దాకా మట్టిదారి, నీలి పైన్ చెట్లు, కొమ్మలకి గడ్డాల్లా వేలాడే నాచు, ఎండ పడుతూ పోతూ ఉంటుంది. గంట, గంటన్నర పడుతుంది. పైకి వెళ్లేటప్పుడు అక్కడ టీతో సరిపెట్టుకోండి, భోజనం దిగేటప్పుడే. కడుపు నిండా తిని ఎక్కితే ఆయాసం రెట్టింపు.

తర్వాత ఇంకో గంట నడిస్తే ఒక మలుపులో మఠం ఉన్నట్టుండి ఎదురుగా, దాదాపు మీ ఎత్తులోనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తుంది. వచ్చేశాం అనుకుంటారు. రాలేదు. మధ్యలో లోయ ఉంది. మెట్లు కిందికి దిగి, జలపాతం పక్కన చిన్న వంతెన దాటి, మళ్లీ అవతల ఎక్కాలి. అన్నీ కలిపి ఏడెనిమిది వందల మెట్లు, తిరుమల దారిలో మోకాళ్ల పర్వతం గుర్తొస్తుంది. ఈ ముక్క కోసం కాస్త ఓపిక, అర సీసా నీళ్లు దాచుకోండి. చలికాలంలో జలపాతం దగ్గర నీడలో మెట్ల మీద మంచు గడ్డ కట్టి ఉంటుంది, అక్కడ ఫొటోలు తీసుకుంటూ నడవొద్దు.

ద్వారం దగ్గర బ్యాగులు, ఫోన్లు, కెమెరాలు అన్నీ లాకర్లో పెట్టాలి, తనిఖీ చేసి పంపిస్తారు. నిండు చేతుల చొక్కా, కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు ఉండాలి, లోపల టోపీ తీసేయాలి. గుడుల్లోకి చెప్పులు లేకుండా వెళ్లాలి, ఆ చెక్క నేల ఐసు ముక్కలా ఉంటుంది, అందుకని చెమట పట్టిన సాక్సులు కాకుండా పొడి జత ఒకటి జేబులో పెట్టుకోండి. గురు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరి వచ్చి ఇక్కడి గుహలో ధ్యానం చేశాడని వాళ్ల నమ్మకం, తక్త్‌సాంగ్ అంటే పులి గుహ అనే అర్థం. గుహ చుట్టూ మఠం కట్టింది 1692లో. 1998లో కాలిపోతే మళ్లీ కట్టి 2005కి పూర్తి చేశారు. ఇప్పుడు చూసేది ఆ కొత్త కట్టడమే, అయినా నేతిదీపాల వాసన, చీకట్లో మెరిసే విగ్రహాలు చూస్తే కొత్తదని ఎవరూ చెప్పలేరు. లోపల ముప్పావు గంటైనా ఉండండి.

దిగడానికి రెండు గంటలు. కెఫెటీరియాలో ఎర్రన్నం, ఎమా దత్సి తినండి. మిరపకాయల్ని చీజ్‌లో ఉడికించిన కూర అది, కారం మనవాళ్లకి కొత్తేమీ కాదు గానీ చీజ్ అలవాటవ్వాలి.

నాలుగింటికల్లా బండి దగ్గరికి వచ్చేస్తే పారోలో హాట్ స్టోన్ బాత్ పెట్టుకోండి. నది రాళ్లు ఎర్రగా కాల్చి చెక్క తొట్టిలో వేస్తారు, నీళ్లు బుసబుసా పొంగుతాయి, ఆకులు కూడా వేస్తారు, నొప్పులకి హాయిగా ఉంటుంది. రాళ్లు కాలడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి పొద్దున కొండెక్కే ముందే ఫోన్ చేసి చెప్పేయండి, లేదంటే మీరు వెళ్లేసరికి తొట్టిలో చన్నీళ్లే ఉంటాయి.