బై-యాంపింగ్ చేశాక సౌండ్ తేడా కొడుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

స్పీకర్ వెనక రెండు జతల టెర్మినళ్లు కనబడితే చాలు, మనసు రెండో యాంప్లిఫయర్ మీదికి పోతుంది. చిక్కులన్నీ తెచ్చి తగిలించాకే బయటపడతాయి. వూఫర్‌కి ఒక యాంప్, ట్వీటర్‌కి ఒక యాంప్ విడిగా ఇవ్వడమే బై-యాంపింగ్. ఇక్కడ చెప్పేదంతా ఒక వూఫర్ (కింది స్వరాలు పలికేది), ఒక ట్వీటర్ (పై స్వరాలు పలికేది) ఉన్న టూ-వే స్పీకర్ల గురించి.

ఆన్ చేయగానే యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతోంది

అంటే యాంప్ తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోతోంది. పై టెర్మినళ్లనూ కింది టెర్మినళ్లనూ కలిపే లోహపు పట్టీలు తీసి ఉండరు. అవి ఉంటే రెండు యాంపుల అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి షార్ట్ అవుతాయి. ప్లస్ పట్టీ, మైనస్ పట్టీ రెండూ తీయాలి. మైనస్‌దేగా, ఉంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. బ్రిడ్జ్ పద్ధతిలో నడిచే క్లాస్-డి యాంప్ బోర్డుల్లో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది.

రెండో యాంప్ పెట్టినా వినడానికి అంతే ఉంది

ఉంటుంది మరి. పెట్టెలోపలి పాసివ్ క్రాసోవర్ (కింది, పై స్వరాలను విడగొట్టి రెండు డ్రైవర్లకూ పంచే బోర్డు) అలాగే ఉంది, రెండు యాంపులకూ పూర్తి సిగ్నలే వెళ్తోంది. కాబట్టి క్లిప్పింగ్ (యాంప్ శక్తి చాలక శబ్దం చెడిపోవడం) కూడా మునుపటి వాల్యూమ్ దగ్గరే మొదలవుతుంది. ఏవీ రిసీవర్‌లో (హోమ్ థియేటర్ యాంప్‌లో) ఖాళీగా ఉన్న ఛానళ్లు వాడితే ఇంకా దండగ, అన్నిటికీ పవర్ సప్లై ఒక్కటే.

అసలు లాభం కావాలంటే యాంపులకు ముందే సిగ్నల్‌ను విడగొట్టే యాక్టివ్ క్రాసోవర్ పెట్టి, లోపలి పాసివ్ బోర్డును తప్పించాలి. ఆ బోర్డు ఫ్రీక్వెన్సీని విడగొట్టడంతో ఆగదు, ట్వీటర్ మోతాదును తగ్గిస్తుంది, బాఫిల్ (పెట్టె ముందు పలక) వల్ల పలచబడే కింది స్వరాలనూ సరిదిద్దుతుంది. దాన్ని తీసేశాక ఫ్రీక్వెన్సీ నాబ్ ఒక్కటే ఉన్న క్రాసోవర్ చాలదు, ఈక్వలైజర్, డిలే (సిగ్నల్‌ను కాస్త ఆలస్యం చేసే సదుపాయం) ఉన్న డీఎస్‌పీ, అంటే డిజిటల్ రకమే తీసుకోవాలి. మెజర్‌మెంట్ మైకు కొనే ఉద్దేశం లేకపోతే పెట్టె విప్పకపోవడమే మేలు.

ట్వీటర్ చెవిలో గుచ్చుకుంటోంది

యాంప్ కొనేటప్పుడు అందరూ వాట్లు చూస్తారు, చూడాల్సింది గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను యాంప్ ఎంత పెంచుతుందన్నది. 2,500 హెర్ట్జ్ దగ్గర విడగొట్టే స్పీకర్‌లో వూఫర్‌కి 100 వాట్లిస్తే ట్వీటర్‌కి 30-50 వాట్లు ధారాళం. కానీ ఒకదాని గెయిన్ 26 డెసిబెల్, ఇంకోదానిది 32 అయితే ఆ 6 డెసిబెల్ తేడా మొత్తం పాట మీద పడుతుంది.

కొలవడం ఇలా: స్పీకర్ వైర్లు పీకేయండి. క్రాసోవర్‌ను పక్కనపెట్టి, సోర్స్ నుంచి నేరుగా రెండు యాంపులకూ ఒకే 100 హెర్ట్జ్ టోన్ ఇవ్వండి (క్రాసోవర్ మధ్యలో ఉంటే ట్వీటర్ యాంప్‌కి ఆ టోన్ చేరనే చేరదు). మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి అవుట్‌పుట్‌లు చూడండి. ఒకటి 2 వోల్టులు, ఇంకోటి 4 వోల్టులు చూపిస్తే తేడా 6 డెసిబెల్. దాన్ని క్రాసోవర్ అవుట్‌పుట్‌లో తగ్గించండి. అక్కడ వీలులేకపోతే ఎక్కువ గెయిన్ ఉన్న యాంప్ ఇన్‌పుట్‌లో 10 కిలో ఓమ్ సిరీస్‌గా, 12 కిలో ఓమ్ గ్రౌండ్‌కి వేస్తే సరి. యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 47 కిలో ఓమ్ అనుకుని వేసిన లెక్క ఇది.

గొంతు బోలుగా, దూరంగా వినిపిస్తోంది

అన్నమయ్య కీర్తన పెడితే మృదంగం, తాళం బాగున్నాయి, పాడే మనిషి మాత్రం పక్క గదిలో ఉన్నట్టుంది. పోలారిటీ తప్పిందన్నమాట, అంటే ఒక డ్రైవర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. క్రాసోవర్ 24 డెసిబెల్ లింక్‌విట్జ్-రైలీ (ఫ్రీక్వెన్సీ రెట్టింపైనప్పుడల్లా 24 డెసిబెల్ తగ్గించే రకం) అయితే రెండు డ్రైవర్లదీ ఒకే పోలారిటీ, 12 డెసిబెల్ అయితే ఒకటి తిరగేయాలి. ఒక్క స్పీకర్‌లోనే క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్ పెట్టి మీటరు దూరంలో వినండి. యాంప్ ఆపి ట్వీటర్ వైర్లు మార్చి మళ్లీ వినండి. గట్టిగా వినిపించేదే సరైనది. రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా ఉంటే డిలే కుదరలేదు. ట్వీటర్ రెండున్నర సెంటీమీటర్లు ముందుంటే దానికి 0.07 మిల్లీసెకన్లు ఇవ్వాలి.

గుయ్యిమని హమ్

సోర్స్, క్రాసోవర్, యాంపులు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. తగ్గకపోతే సెట్‌టాప్ బాక్స్ కేబుల్ పీకి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. ప్లగ్గులో లావు పిన్నుకు టేపు చుట్టే ఉపాయం మాత్రం ప్రాణానికే ముప్పు. యాంప్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే అది వేరే సంగతి. తిరుపతి ఎండలకి ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండొచ్చు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి చూపించండి, నీళ్లు పోయించండి.

కరెంటు పోయి వచ్చాక ట్వీటర్ మూగబోయింది

అన్నీ ఒక్కసారే ఆన్ అయితే క్రాసోవర్ కొట్టే 'ధబ్' నేరుగా ట్వీటర్‌కే పోతుంది, పాసివ్ బోర్డు తీసేశాక మధ్యలో ఆపేదేమీ లేదు. కరెంటు పోగానే యాంపుల స్విచ్‌లు ఆపండి. వచ్చాక సోర్స్, క్రాసోవర్ ముందు, యాంపులు చివర. ఆపేటప్పుడు యాంపులే ముందు. దీనితో పాటు 8 ఓమ్ ట్వీటర్‌కి సిరీస్‌లో 20 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ వేయండి. దాని కటాఫ్ సుమారు 1,000 హెర్ట్జ్ కాబట్టి 2,500 దగ్గరి పనికి పెద్దగా అడ్డురాదు, డీసీని మాత్రం ఆపేస్తుంది. కెపాసిటర్ వేసిన తర్వాత పైన చెప్పిన పోలారిటీ, డిలే పరీక్ష మళ్లీ చేయాలి.

కొన్ని క్రాసోవర్లలో ఫ్రీక్వెన్సీని పదింతలు చేసే చిన్న బటన్ ఉంటుంది. నాబ్ 250 మీద పెట్టి ఆ బటన్ నొక్కడం మరిస్తే 2,500 కాస్తా 250 అవుతుంది. అలాంటప్పుడు ట్వీటర్‌ని ఏ కెపాసిటరూ పూర్తిగా కాపాడలేదు.